స్కాన్ తీయకుండా రాసిన మందు ఊహించి రాసినది కాదు: ‘మెదడు రిసెప్టర్ మ్యాప్’ ఫార్వర్డ్‌కు జవాబు

శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫార్వర్డ్ సారాంశం ఇది: “మెదడులో రిసెప్టర్ల మ్యాప్ సైంటిస్టులు గీసేశారు. వైజాగ్ వెళ్తే అరగంట పని. ఒక్క స్కాన్‌తో సెరటోనిన్ ఎంతుందో, డోపమిన్ ఎంతుందో తెలిసిపోద్ది. ఎర్రగా ఉన్నచోట బాగున్నట్టు, నీలంగా ఉన్నచోట చచ్చిపోయినట్టు. డబ్బుల్లేకపోతే మూత్ర పరీక్ష చాలు. స్కాన్ చూడకుండా డిప్రెషన్‌కు మందు రాసే డాక్టరు ఊహించి రాస్తున్నట్టే. ఆ మాత్రలు మానేయండి.”

రిసెప్టర్ అంటే మెదడు కణాల మీద సెరటోనిన్, డోపమిన్‌లాంటి రసాయనాలు వచ్చి అంటుకునే చోటు. ఫార్వర్డ్‌లో మొదటి వాక్యం నిజమే. చివరిది మనుషుల ప్రాణం మీదికి తెచ్చే మాట. ఆ రెంటి మధ్య ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

“మ్యాప్ గీసేశారు”

గీశారు. 2022లో మాంట్రియల్ పరిశోధకుల ఆధ్వర్యంలో వచ్చిన పటంలో 19 రకాల రిసెప్టర్లు, ట్రాన్స్‌పోర్టర్లు (ఆ రసాయనాలను తిరిగి కణంలోకి లాక్కునేవి) ఉన్నాయి. దానికి వాడినవి 1,200 మందికి పైగా ఆరోగ్యవంతుల పెట్ స్కాన్లు, అంటే ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపేవి. ఆ పదార్థాన్నే ట్రేసర్ అంటారు. ఒక్కొక్కరికీ 19 స్కాన్లు తీశారని అనుకోకండి. ఒక్కో ట్రేసర్‌కు ఒక్కో గుంపు. ఒక్కొక్కరి మెదడు ఆకారం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, అన్నిటినీ ఒకే ప్రామాణిక ఆకారంలోకి సర్ది సగటు తీశారు. మెదడులో ఏ ప్రాంతంలో ఏ రిసెప్టర్ ఎక్కువో తెలుసుకోవడానికి ఇది గొప్ప వనరు. దాన్ని పట్టుకుని మీ ఇంట్లో మనిషి సంగతి చెప్పడమంటే, జిల్లా సగటు వర్షపాతం చూసి మీ చేలో పదునుందో లేదో చెప్పడమే.

ఇంకా సూక్ష్మంగా చూడాలంటే బతికున్నవాళ్ల మెదడు పనికిరాదు. మరణానంతరం దానంగా వచ్చిన మెదడును కొన్ని గంటల్లోపే గడ్డకట్టించి, 10 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరలుగా కోస్తారు. ముందు బఫర్ అనే ద్రావణంలో నానబెట్టి, రిసెప్టర్లకు అంటుకుని ఉన్న సహజ రసాయనాన్ని కడిగేస్తారు. తర్వాత ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన లైగాండ్ (రిసెప్టర్‌కు అంటుకునే పదార్థం) ద్రావణంలో ఉంచుతారు. పక్క పొరను అదే ద్రావణంలో, రేడియోధార్మికత లేని మరో మందు ఎక్కువ మోతాదులో కలిపి ఉంచుతారు. అప్పుడు అసలు రిసెప్టర్ స్థానాలను ఆ మందు ఆక్రమిస్తుంది, లైగాండ్ అడ్డదిడ్డంగా అంటుకున్నది మాత్రమే మిగులుతుంది. మొదటి కొలతలోంచి దాన్ని తీసేస్తేనే నిజమైన అంకె. ఇక చల్లటి బఫర్‌తో కడగడంలోనే నేర్పంతా ఉంది. తక్కువ కడిగితే పొరంతా మసకగా వస్తుంది. ఎక్కువ కడిగితే రిసెప్టర్‌కు అంటుకున్నది కూడా ఊడిపోతుంది. ఆరబెట్టి, తెలిసిన గాఢత ఉన్న ప్రమాణాలతో కలిపి ఫిల్మ్ మీద వారాల తరబడి ఉంచుతారు. ట్రిటియం కిరణాలను తెల్లపదార్థంలోని కొవ్వు ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి, ఫిల్మ్ మీద కనిపించిన నలుపును సరిచేయకుండా ప్రాంతాలను పోల్చకూడదు.

“వైజాగ్ వెళ్తే అరగంట పని”

మన దగ్గర పెట్-సీటీకి రాసేది ఎక్కువగా క్యాన్సర్ కోసం. అందులో ఎక్కించేది ఎఫ్‌డీజీ, అంటే గ్లూకోజ్‌లాంటి పదార్థం. మెదడుకు తీస్తే ఏ భాగం ఎంత గ్లూకోజ్ వాడుతోందో చెబుతుంది. మూర్ఛ, మతిమరుపు కేసుల్లో అది పనికొస్తుంది. రిసెప్టర్ల గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. ఎమ్మారై కూడా అంతే.

రిసెప్టర్ కనిపించాలంటే దానికే అంటుకునే ట్రేసర్ కావాలి. డోపమిన్ డీ2 రిసెప్టర్లకు రాక్లోప్రైడ్, సెరటోనిన్ 1ఏ రిసెప్టర్లకు డబ్ల్యూఏవై-100635, గాబా-ఏ రిసెప్టర్లకు ఫ్లుమజెనిల్. వీటికి ఎక్కువగా తగిలించేది రేడియోధార్మిక కార్బన్-11. దాని అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 20.4 నిమిషాలు. సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంలో తయారుచేసి, లైగాండ్‌కు అతికించి, శుద్ధిచేసి, నాణ్యత పరీక్షించేసరికే సుమారు రెండు అర్ధాయువులు గడిచిపోతాయి. సైక్లోట్రాన్ వైజాగ్‌లోనే ఉందనుకున్నా, ఎన్‌హెచ్-16 మీద రెండు గంటలు ప్రయాణించి శ్రీకాకుళం చేరేసరికి బయల్దేరినదాంట్లో సుమారు 60వ వంతే మిగులుతుంది. ఎఫ్‌డీజీలోని ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. అందుకే దాన్ని బండిలో వేసి ఊళ్లకు పంపగలుగుతున్నారు.

మిగిలిందాన్నే ఎక్కువ ఎక్కిస్తే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. తగ్గేది రేడియోధార్మికతే, మందు బరువు అలాగే ఉంటుంది. అదే వెలుగు రావాలంటే 60 రెట్లు మందు ఎక్కించాలి. అప్పుడు ఆ మందే రిసెప్టర్లను ఆక్రమించేసి, మనం కొలవాల్సినదాన్ని చెడగొడుతుంది. ట్రేసర్ ఎప్పుడూ రిసెప్టర్లలో కొద్ది శాతాన్నే పట్టుకోవాలి. అందుకే ఈ స్కాన్లు సైక్లోట్రాన్ పక్కనే, పరిశోధన కోసం జరుగుతాయి. తల కదలకుండా గంట, గంటన్నర పడుకోవాలి. కొన్ని ట్రేసర్లకు మణికట్టు ధమనిలో గొట్టం పెట్టి రక్తం తీస్తూ ఉండాలి.

“ఎరుపు మంచిది, నీలం చెడ్డది”

ఆరోగ్యవంతుడికి రాక్లోప్రైడ్ స్కాన్ తీసినా మెదడు లోపల స్ట్రయేటమ్ అనే భాగం ఒక్కటే ఎర్రగా వెలుగుతుంది. మిగతా మెదడంతా నీలమే, ఎందుకంటే డీ2 రిసెప్టర్లు అక్కడే దట్టంగా ఉంటాయి. ఫార్వర్డ్ లెక్కన మనమంతా సగం చచ్చినవాళ్లమే.

సంఖ్య తగ్గినా అర్థం ఒక్కటే కాదు. రిసెప్టర్లు నిజంగా తక్కువ ఉండొచ్చు. ఉన్నవాటిని సొంత డోపమిన్ ఎక్కువగా పట్టుకుని, ట్రేసర్‌కు చోటివ్వకపోయి ఉండొచ్చు. అంటుకునే గుణమే మారి ఉండొచ్చు. ఒక్క స్కాన్‌తో ఈ మూడింటినీ విడదీయలేం. పైగా వయసుతో పాటు డీ2 సహజంగానే పదేళ్లకు 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. స్కాన్‌లో ఒక్కో చుక్క నాలుగైదు మిల్లీమీటర్ల ముక్క, అందులో లక్షల న్యూరాన్లు.

“ఏది తక్కువో తెలిసిపోద్ది”

డిప్రెషన్‌లో సెరటోనిన్ 1ఏ రిసెప్టర్లను ఒకే ట్రేసర్‌తో చూసినవాళ్లలో కొందరికి తక్కువ కనిపించాయి, కొందరికి ఎక్కువ. లెక్కగట్టే పద్ధతి ఇందుకు ఒక పెద్ద కారణం: కొందరు చిన్నమెదడును పోలికగా తీసుకున్నారు, కొందరు ధమని రక్తాన్ని. గుంపుల మధ్యే ఫలితం అటూఇటూ అవుతుంటే, ఒక్క మనిషికి రోగనిర్ధారణ ఎలా చేస్తారు? అందుకే డిప్రెషన్ నిర్ధారణకు ఏ రిసెప్టర్ స్కానూ వాడుకలో లేదు.

మూత్ర పరీక్ష సంగతి రెండు ముక్కల్లో: ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, అది రక్తం నుంచి మెదడులోకి దాటదు. ఆ డబ్బు దాచుకోండి.

“స్కాన్ చూడకపోతే ఊహించి రాసినట్టే”

ఫార్వర్డ్ మొత్తంలో ఎక్కువ తప్పు ఇదే. రిసెప్టర్ స్కాన్ల అసలు ఉపయోగం మందు మోతాదులు తేల్చడంలో ఉంది. 1980లలో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కాలో మొదలైన పరిశోధన మానసిక రోగాల మందులు డీ2 రిసెప్టర్లను ఎంత శాతం పట్టుకుంటాయో కొలిచింది. తర్వాత టొరంటోలో తేలింది: సుమారు 65 శాతం దాటితే గుణం కనిపిస్తుంది, 78 దాటితే వణుకు, కండరాలు బిగుసుకోవడం ఎక్కువవుతాయి. రోజుకు 2 మిల్లీగ్రాముల హాలోపెరిడాల్‌తోనే 53 నుంచి 74 శాతం పట్టుకోవడం 1996లో అక్కడే చూశారు. అంతకుముందు ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చేవాళ్లు. డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు కూడా మామూలు మోతాదులోనే సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్లలో సుమారు 80 శాతాన్ని అడ్డుకుంటాయని స్కాన్లే చూపాయి. పాలకొండలోనో బొబ్బిలిలోనో డాక్టరు చిన్న మోతాదుతో మొదలుపెడుతున్నారంటే దాని వెనక ఈ కొలతలున్నాయి. ఎక్కడో కొద్దిమందికి స్కాన్ తీశారు కాబట్టే ఇక్కడ ప్రతి ఒక్కరికీ తీయక్కర్లేదు.

మాత్రలు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. పరాక్సెటీన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇది ఇంకా ఎక్కువ. జబ్బు తిరగబెట్టే ప్రమాదం వేరే. మానాలనుకుంటే డాక్టరు చెప్పినట్టు వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. ఫార్వర్డ్ చూసి ఇప్పటికే మానేసినవాళ్లు డాక్టరును కలవండి. టెలీ-మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

నిజంగా పనికొచ్చే స్కాన్ ఒకటుంది

అది డిప్రెషన్‌కు కాదు, వణుకుకు. టెక్నీషియం-99ఎం తగిలించిన ట్రోడాట్ డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్లను చూపుతుంది. టెక్నీషియంను జనరేటర్ అనే చిన్న పరికరం నుంచి తీస్తారు, దాని అర్ధాయువు కూడా ఆరు గంటలు కాబట్టి సైక్లోట్రాన్ అక్కర్లేదు. సూది వేశాక మూడు నాలుగు గంటలు ఆగి స్కాన్ తీస్తారు, కాబట్టి పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా పడుతుంది. మామూలుగా రెండు పక్కలా కామాల్లా కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో తోకలు పోయి చుక్కలు మిగులుతాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, లేదా హాలోపెరిడాల్ వల్ల వచ్చిన వణుకైతే స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. డాక్టరుకు అప్పుడు మందు మార్చాలో, పార్కిన్సన్స్ మందు మొదలుపెట్టాలో తెలుస్తుంది.

వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీలన్నీ పట్టుకెళ్లండి. బుప్రోపియాన్, మిథైల్‌ఫెనిడేట్ ఈ కొలతను చెడగొడతాయి. వాటిని ఎప్పుడు ఆపాలో ఆ విభాగం వాళ్లే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు. లెవోడోపాను మామూలుగా ఆపక్కర్లేదు. ట్రోడాట్ సూది సీటీలో వాడే అయోడిన్ కాంట్రాస్ట్‌లాంటిది కాదు. అదే కాంట్రాస్ట్ ఎక్కించి సీటీ తీస్తామని ఎవరైనా అంటే మాత్రం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వెళ్లేవాళ్లు ముందుగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు చూపించాలి.