సవరణ: కాలేజీ ఆటగాళ్లకు అభిమానుల డబ్బు

అమెరికా కాలేజీ ఆటగాళ్లకు అభిమానులు ఏ రూపంలో డబ్బిచ్చినా ఆడే అర్హత పోతుందని నిన్నటి పోస్టులో ఉంది. అది 2021 జూన్ దాకా ఉన్న పరిస్థితి. ఆ జూలై 1 నుంచి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపుల మీద సంపాదించుకోవచ్చు. అభిమాని డబ్బిచ్చి ఆటోగ్రాఫ్ తీసుకోవచ్చు, తన దుకాణం ప్రకటనలో నటింపజేయవచ్చు. ఊరికే చేతిలో కవరు పెట్టడం, మ్యాచ్ గెలిపించినందుకు బహుమానం ఇవ్వడం మాత్రం ఇప్పటికీ నిబంధనలకు విరుద్ధమే. ఎన్‌సీఏఏ పై స్థాయి అయిన డివిజన్ 1లో 600 డాలర్లు దాటిన ఒప్పందాలను 2025 నుంచి నమోదు చేయించాలి కూడా.

ముఖ్యంగా, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఆడుతున్న మన పిల్లల సంగతి వేరు. ఎన్‌సీఏఏ ఒప్పుకున్నా, పనిచేసి సంపాదించడంపై వీసా ఆంక్షలు అలాగే ఉన్నాయి. ఆదుకోవాలన్న తొందరలో వాళ్ల చదువుకే ఎసరు పెట్టొద్దు. డబ్బు పంపేముందు కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసునూ, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసునూ వాళ్లచేత అడిగించండి.