చూరుకి వేలాడే కోడి

కోట శ్రీనివాసరావు గారు పోయారని తెలిసింది 2025 జూలై 13, ఆదివారం. ఆ సాయంత్రం ఇంట్లో ‘అహ నా పెళ్ళంట’ పెట్టాను. ఎన్నోసారి చూస్తున్నానో లెక్క లేదు. తెరమీద వాళ్ళకంటే ముందే నేను డైలాగులు అప్పజెబుతుంటే మా ఆవిడ రెండుసార్లు కసిరింది. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయికి మాత్రం ఇదే మొదటిసారి.

జంధ్యాల తీసిన ఈ సినిమా 1987లో వచ్చింది. కథ చెప్పక్కర్లేదు గానీ, పిల్లల కోసం రెండు ముక్కల్లో: డబ్బున్న ఇంటి అబ్బాయి రాజేంద్రప్రసాద్ ఓ పరమ పిసినారి కూతుర్ని ప్రేమిస్తాడు. ఆ మామని మెప్పించడానికి, ఆయన్ని మించిన పిసినారిలా నటిస్తాడు. ఆ మామ లక్ష్మీపతి, అంటే మన కోట. చూరుకి కోడిని వేలాడదీసి, దాన్నే చూస్తూ ఒట్టి అన్నం తినే సీను మీకు గుర్తుండే ఉంటుంది. నేను పన్నెండేళ్ళ వయసులో హాల్లో ఆ సీనుకి నవ్వలేక కడుపు పట్టుకున్నాను.

అమ్మాయి నవ్వలేదు. “కోడి ఎలాగూ ఉంది కదా నాన్నా, తినొచ్చుగా?” అంది.

“తింటే అయిపోతుంది కదమ్మా” అన్నాను.

ఒక్క క్షణం ఆలోచించి, అద్దాల బీరువా వైపు చూసింది. “ఓ, మన డిన్నర్ సెట్టు లాగా!”

2009లో గృహప్రవేశానికి కొన్న సెట్టు అది. పన్నెండు మందికి సరిపోతుంది, తెల్లటి పళ్ళేల మీద నీలం పూలు. మంచి సందర్భం వస్తే తీద్దామని లోపల పెట్టాం. చుట్టాలొస్తే ‘ఇంతమందికి ఎక్కడ కడుగుతాం’ అని పేపర్ ప్లేట్లు. ఎవరూ రాకపోతే ‘మనకేగా’ అని రోజువారీ కంచాలు.

ఈ సినిమాలో వ్యక్తిత్వ వికాస పాఠం ఏమిటని అడిగితే చాలామంది ‘పిసినారితనం చెడ్డది’ అంటారు, లేదా హీరో పట్టుదలని మెచ్చుకుంటారు. హీరోని నేను సిలబస్‌లో పెట్టను. ప్రేమ కోసమే కావచ్చు, నోరు తెరిస్తే అబద్ధం. నేను నేర్చుకున్నదేదైనా ఉంటే లక్ష్మీపతి దగ్గరే.

మా అమ్మ కూడా పైసా పైసా దాచేది. పాత క్యాలెండర్ కాగితాలతో నా పుస్తకాలకి అట్టలు వేసేది, సబ్బు అరిగిపోతే ఆ ముక్కని కొత్త సబ్బుకి అతికించేది. కానీ ఆవిడ పొదుపుకి ఒక తేదీ ఉండేది. అక్క పెళ్ళి, నా ఇంజనీరింగ్ ఫీజు. ఆ తేదీ రాగానే డబ్బు తీసేది, చేయి వణికేది కాదు. లక్ష్మీపతికి అలాంటి తేదీ లేదు. నా లెక్కలో పొదుపుకీ పిసినారితనానికీ ఉన్న తేడా అదొక్కటే.

మరి మన సంగతి? అమెరికా వచ్చిన కొత్తలో ‘నాలుగేళ్ళలో వెనక్కి వెళ్ళిపోతాం, ఇప్పుడు సోఫా ఎందుకు’ అనుకున్నాం. తర్వాత గ్రీన్ కార్డు రానీ అన్నాం. అది వచ్చాక ఇంటి లోను, ఆపైన పిల్లల కాలేజీ. తేదీలు లేవని కాదు, వచ్చినప్పుడల్లా కోడిని ఇంకాస్త పైకి కట్టాం. జాగ్రత్తపరులమని ఊళ్ళో మంచి పేరు కూడా వచ్చింది. పాపం లక్ష్మీపతికి ఆ పేరూ దక్కలేదు.

నేను వచ్చింది 2001లో. డాలరుకి దాదాపు 47 రూపాయలు. ప్రతిదాన్నీ 47తో గుణించేవాణ్ణి. క్షవరం పన్నెండు డాలర్లంటే గుండె ఆగినంత పనయింది. పదిహేను డాలర్లకి ట్రిమ్మర్ కొని, రెండోసారికే లాభంలో పడతానని మా ఆవిడ చేతికిచ్చాను. మొదటిసారే కుడివైపు పూర్తయ్యేసరికి దాని చార్జింగ్ అయిపోయింది. మర్నాడు పొద్దున ఏడున్నరకి మీటింగు. చార్జింగ్ ఎక్కేదాకా అర్ధరాత్రి అద్దం ముందు కూర్చున్నాను, అచ్చం సినిమాలో అరగుండు వేషంలో ఉన్న బ్రహ్మానందంలా. ఆయనకి ఆ వేషంతో పేరొచ్చింది. నాకు ఒక రాత్రి నిద్ర పోయింది.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వు రానిది ఇంకోటి ఉంది.

అప్పట్లో ఇండియాకి మాట్లాడాలంటే ఫోన్ కార్డులు. నంబరు నొక్కగానే ఎన్ని నిమిషాలు మిగిలాయో గొంతు చెప్పేది. మా నాన్న ఏ విషయమైనా మొదటినుంచీ చెప్పే మనిషి. బోరు ఎండిపోయిందని చెప్పాలంటే ఆ బోరు ఎవరు వేశారో అక్కణ్ణుంచి ఎత్తుకునేవారు. నేను గడియారం చూస్తూ ‘విషయం చెప్పండి నాన్నా, కార్డు అయిపోతోంది’ అనేవాణ్ణి. కార్డు అయిదు డాలర్లు. అప్పటికే ఉద్యోగంలో కుదురుకున్నాను, ఇంకోటి కొనలేక కాదు.

ఇప్పుడు వాట్సాప్‌కి నిమిషాల లెక్క లేదు. కానీ నాలుగో నిమిషం దాటగానే నాన్నే ‘సరే అయితే, ఉంటాను’ అంటారు. పనేం లేదు ఆయనకి. అలవాటు చేసింది నేను.

ఆ ఆదివారం రాత్రి సినిమా అయ్యాక ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారింది. కోట గారి మాట ఎత్తాను. ‘సరే అయితే’ అనబోయి ఆగారు. ఆ సినిమాకి అమ్మనీ, అక్కనీ, నన్నూ తీసుకెళ్ళడానికి బండి ఎవరి దగ్గర అడిగారో అక్కణ్ణుంచి మొదలుపెట్టారు. ఎడ్లకి మేత ఎక్కడ దొరికిందో చెప్పారు. టికెట్ల దాకా వచ్చేసరికి పావుగంట. మా అమ్మాయి నీలం పూల పళ్ళెంలో పెరుగన్నం పెట్టి నా ముందుకి తోసింది. కోడి సీను ఇంకా రాలేదు.