ఒక్క ప్లాటు చాలదు, మూడు కలవాలి

విశాఖపట్నం శివార్లలో, మధురవాడలోనో పెందుర్తిలోనో ఎప్పుడో కొని, ప్రహరీ కట్టి వదిలేసిన ప్లాటు విదేశాల్లో ఉంటున్న మన సంఘం సభ్యుల్లో చాలామందికి ఉంది. అందులో ఆకుకూరలు పండించి అమ్మిద్దామన్న ఆలోచన మంచిదే. కానీ ఒక్క ప్లాటు మీద ఆ వ్యాపారం నిలబడదు. లెక్క చూడండి.

242 గజాలంటే 5 సెంట్లు. నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున మళ్ళు కట్టి, మధ్య అడుగున్నర దారి వదిలితే 14 పడతాయి. మిగిలిన చోటు నీళ్ళ ట్యాంకుకీ ఎరువు గుంతకీ సరిపోతుంది. తోటకూర 25-30 రోజులకి, పాలకూర 30-35 రోజులకి కోతకొస్తాయి. మడి ఖాళీ చేసి, ఎరువు కలిపి మళ్ళీ విత్తే రోజులు కూడా చూసుకుంటే వారానికి మూడు మళ్ళు కోయొచ్చు. బాగా పండితే మడికి 8-10 కిలోలు. పావుకిలో కట్టలైతే వారానికి నూరు, నూట ఇరవై. కట్ట 20 రూపాయలకి పోయినా నెలకి 10 వేలు దాటడం కష్టం. తెల్లవారకముందే వచ్చి కోసి, కట్టలు కట్టి, కలుపు తీసి, నీళ్ళు పెట్టే మనిషికి అందులోంచి న్యాయమైన జీతం ఇవ్వలేం. ఇవ్వకపోతే మానేస్తాడు. మే నెలలో రెండు రోజులు నీళ్ళు పడకపోతే మొలకలన్నీ పోతాయి. నడిచి వెళ్ళేంత దూరంలో మూడు ప్లాట్లు కలిస్తేనే ఒక మనిషికి పూర్తి పనీ, దానికి తగ్గ జీతమూ కుదురుతాయి.

ప్లాస్టిక్ కప్పు వేసి పండించే పాలీహౌస్, మట్టి లేకుండా నీళ్ళలో పెంచే హైడ్రోపోనిక్స్ జోలికి మొదటి ఏడాది వెళ్ళొద్దు. డబ్బు మట్టి మీద పెట్టండి. లేఅవుట్ ప్లాట్లలో పైన ఉండేది గ్రావెల్, ఇటుక ముక్కలే. మడి ఎనిమిది అంగుళాలు లేపాలంటే ప్లాటుకి దాదాపు 750 ఘనపుటడుగుల మిశ్రమం కావాలి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. లోడు దించకముందే చేత్తో తవ్వి చూడాలి. గోధుమరంగు దారాల్లాంటి వేళ్ళకి శనగగింజంత నల్లటి గడ్డలు కనిపిస్తే అది తుంగ. పీకితే గడ్డ లోపలే తెగి, వారం తిరక్కుండా మళ్ళీ మొలుస్తుంది. ఆ లోడు వెనక్కి పంపేయాల్సిందే. ఎరువు ఇంకా వెచ్చగా, పేడ వాసన కొడుతూ ఉంటే మరో రెండు నెలలు మాగనివ్వాలి. లేకపోతే లేత వేళ్ళు మాడిపోతాయి.

ఎండాకాలంలో ప్లాటుకి రోజుకి 500-600 లీటర్లు కావాలి. సముద్రానికి దగ్గరైన బోర్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి ముందే టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత, చూడాలి. లీటరుకి 650 మిల్లీగ్రాముల లోపైతే బెంగ లేదు. 1,300 దాటితే ఆకు అంచులు మాడతాయి, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అలాంటి చోట పాలకూర కొంత తట్టుకుంటుంది, మిగతావాటి మీద ఆశ పెట్టుకోకూడదు. మురుగు కాలువ నీళ్ళు మాత్రం ఎంత కరువైనా వాడొద్దు. తినేది మనవాళ్ళే.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా 50 శాతం నీడనిచ్చే వల కావాలి. అయితే దాన్ని తాళ్ళతో, గంటలో విప్పేసేలా కట్టించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద తీరం దాటింది. అక్టోబర్, నవంబర్‌లలో విప్పని వల గాలికి నిండి, దాన్ని కట్టిన పైపుల్ని కూడా పెకలించుకుపోతుంది.

రైతు బజార్లలో చోటు ప్రధానంగా గుర్తింపు కార్డున్న రైతులకే కాబట్టి మన సరుకు అపార్ట్‌మెంట్లకే వెళ్ళాలి. ముందురోజు సాయంత్రం ఆర్డర్లు తీసుకుని, తెల్లవారుజామున కోసి, ఏడు గంటలకల్లా గుమ్మాల ముందుంచాలి. సాయంత్రమే కోసి తడిగా ప్లాస్టిక్ సంచిలో కుక్కితే ఈ ఉక్కకి తెల్లారేసరికి కుళ్ళు పట్టేస్తుంది.

విదేశాల్లో ఉన్న మనం సాగుభూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు, ఇళ్ళ స్థలం కొనుక్కోవచ్చు. సాగు వ్యాపారంలో వాటాగా డబ్బు పెట్టడానికీ ఆంక్షలున్నాయి, ఆడిటర్‌ని అడగకుండా పంపొద్దు. సాగు చేసే మనిషితో 11 నెలల ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. మన సంఘం చేయగలిగింది ఒకటుంది: సభ్యుల ఖాళీ ప్లాట్ల జాబితా కాలనీలవారీగా రాసి, పక్కపక్కన ఉన్నవాళ్ళని కలపడం. వానలు మొదలయ్యేలోపు మళ్ళు సిద్ధం కావాలంటే ఆ జాబితా జనవరికల్లా చేతిలో ఉండాలి.