టిక్కు పెట్టడం నేర్పాం, సరే... లెక్క సంగతేంటి?

పరీక్షలే వద్దనే బాపతు కాదు నేను. పర్లాకిమిడిలో ఒడియా మీడియం పిల్లలకు లెక్కలు చెప్పుకునే మాస్టర్ని, టెస్టు పెట్టకపోతే ఎవరికి ఏమొచ్చిందో నాకెలా తెలుస్తుంది? నా గొడవల్లా ఒకటే. దేశం మొత్తానికి ఒక అంచనా కోసం పెట్టిన సర్వేని తెచ్చి బడి మెడకీ, పిల్ల మెడకీ కడుతున్నారు.

దేశమంతటా బడి పిల్లలకి చదువు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి కేంద్రం 2024 డిసెంబర్ 4న జరిపిన పరఖ్ సర్వేనే తీసుకోండి. 3, 6, 9 తరగతులకు పెట్టారు. 781 జిల్లాల్లో 74 వేల పైచిలుకు బడుల నుంచి 21 లక్షల మందికి పైగా పిల్లలు రాశారు. ఇది శాంపిల్ సర్వే, మీ అబ్బాయికి ఎన్ని మార్కులొచ్చాయో ఇందులో తేలదు, తేల్చడం దాని పని కూడా కాదు. ఆరో తరగతి వాళ్లలో 10 వరకు ఎక్కాలు తెలిసినవాళ్లు 53 శాతమేనని బయటపడింది. బయటపడాల్సిందే, దాచుకుంటే ఎవరికి లాభం? కానీ అంతకుముందు బడుల్లో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి కదా.

తమ బడి శాంపిల్లో పడుతుందో లేదో తెలియకముందే ప్రాక్టీసు మొదలు. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ వస్తుంది, జిరాక్సులు తీయిస్తాం (డబ్బులు మా జేబులోవే, అది వేరే కథ), మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి టిక్కులు పెట్టిస్తాం. భాగహారం ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. మా పాప అప్పుడు మూడో తరగతి, వేరే బడి. ఓ సాయంత్రం దాని షీటు చూస్తే చివరి ప్రశ్నలన్నిటికీ వరసగా 'సి'. ఇదేంటమ్మా అంటే, "రాకపోతే సి పెట్టేయమన్నారు నాన్నా, ఖాళీ వదలకూడదంట" అంది. నాలుగు ఆప్షన్లుంటే కళ్లు మూసుకుని పెట్టినా సగటున నూటికి పాతిక వస్తాయి, ఆ టీచరమ్మకూ ఆ లెక్క తెలుసు. ఆమెను తిట్టలేను, పైనుంచి వచ్చే ఫోన్లు ఎన్ని మార్కులొచ్చాయనే గానీ పిల్లకేం వచ్చిందని అడగవు.

సరిహద్దులో మాకు ఇంకో చిక్కుంది. బడిలో ఏ మీడియమో పేపర్ ఆ భాషలోనే వస్తుంది. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఇంట్లో తెలుగో, సవర అనే గిరిజన భాషో మాట్లాడుతూ ఒడియాలో చదివే పిల్లలకి రాతలెక్క అంటే ముందు వాక్యంతో కుస్తీ, ఆ తర్వాతే లెక్క. మా క్లాసులో ఒకడు బస్సు లెక్క ఖాళీగా వదిలేశాడు. అదే లెక్క తెలుగులో అడిగా, బస్సులో 52 మంది ఉన్నార్రా, 17 మంది దిగిపోయారు అని, నేను ఇంకా పూర్తి చేయకుండానే "35 మేష్టారూ" అన్నాడు. పేపర్లో మాత్రం వాడికి సున్నా. ఆ సున్నా పడేది లెక్కల గడిలో, ఒడియా గడిలో కాదు. రిపోర్టు చూసినవాళ్లు లెక్కల్లో వెనకబడ్డారంటారు, ఇంకో వర్క్‌బుక్ పంపిస్తారు, అదీ ఒడియాలోనే.

ఇదేమీ చిన్న విషయం కాదు. 2019లో విద్యాహక్కు చట్టాన్ని సవరించాక 5, 8 తరగతుల్లో పరీక్ష తప్పినవాళ్లకి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష, అదీ తప్పితే అదే క్లాసులో ఆపేసే వీలు ప్రభుత్వాలకు వచ్చింది. బస్సు లెక్క వచ్చినవాడు వాక్యం అర్థంకాక ఏడాది పోగొట్టుకోవచ్చన్నమాట.

పక్కనే ఆంధ్రాలో పాతపట్నం ఉంది. అక్కడ సర్కారు బడి పుస్తకాల్లో ఓ పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇక్కడా ప్రశ్నపత్రం అలా రెండు భాషల్లో ఇస్తే కొంపలేమీ మునగవు. భాషాపరంగా తక్కువమంది ఉన్నచోట వాళ్ల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు చేయమని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు పట్టుబట్టింది ఈ పర్లాకిమిడిలోనే. ఇక పరీక్ష పెట్టే పద్ధతికొస్తే, ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో చేసే అసర్ సర్వే వాళ్లు ఇంటికొచ్చి ఒక్కో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు, ఓ తీసివేత చేయిస్తారు. క్లాసులో నలభై మంది ఉంటే అలా చేయడానికి వారం పడుతుంది, ఒప్పుకుంటా, కానీ టిక్కుల ప్రాక్టీసుకి పోయేది అంతకంటే ఎక్కువే.

స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలని చట్టం. సంతకం పెట్టి వచ్చేయడమే మనకు అలవాటు. మా పాప బడి మీటింగులో ఈసారి నేను అడగబోయేది ఒకటే: నెలనెలా ప్రాక్టీసు టెస్టు పెట్టిన రోజున ఏ పాఠం ఆగిపోయిందో, దాన్ని మళ్లీ ఎప్పుడు చెప్పారో రిజిస్టర్లో రాయండి అని.