అర్ధరాత్రి పక్కన కూర్చునే మనిషికి జీతమెంత?

నా స్నేహితురాలి ఇంట్లో వీధి తలుపు పక్కన కొక్కేనికి ఎప్పుడూ ఒక సంచి వేలాడుతూ ఉంటుంది. అందులో కొత్త పంజాబీ డ్రెస్సు, లోదుస్తులు, ప్యాడ్లు, తువ్వాలు, బిస్కెట్ ప్యాకెట్టు, ఫోన్ ఛార్జరు. డ్రెస్సు ఎందుకని అడిగాను. "ఒంటి మీది బట్టలు ల్యాబుకు పంపడానికి సీల్ చేస్తారు కదండీ. మార్చుకోడానికి ఇంకో జత లేక ఆసుపత్రి దుప్పటి చుట్టుకుని తెల్లారేదాకా కూర్చున్న పిల్లను చూశాను. అప్పట్నుంచి నా డబ్బులతోనే కొనిపెట్టుకుంటున్నా" అంది.

ఆమె ఒక జిల్లాలో, హింసకు గురైన ఆడవాళ్లను ఆదుకునే సఖి కేంద్రంలో కేస్ వర్కర్. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ వచ్చినా, స్టేషన్ నుంచి కబురొచ్చినా రాత్రి రెండింటికైనా బయల్దేరాలి. నిర్భయ నిధితో 2015లో మొదలైన ఈ కేంద్రాల గురించి పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. వైద్యం, పోలీసు, న్యాయ సాయం, కౌన్సెలింగ్, కొద్ది రోజులు తలదాచుకునే చోటు, అన్నీ ఒక్కచోటే దొరకాలన్నది ఉద్దేశం. బోర్డులున్నాయి, భవనాలున్నాయి. నేను మాట్లాడేది ఆ సంచి పట్టుకుని వెళ్లే మనిషి గురించి.

అత్యాచారం కేసు నిలిచేదీ వీగిపోయేదీ కోర్టులో కాదు, మొదటి రాత్రే. బాధితురాలు స్నానం చేసేసిందా, బట్టలు ఉతికేసిందా, పరువు పోతుందని తల్లిదండ్రులు వెనక్కి తీసుకెళ్లారా అన్నవి ఆ కొద్ది గంటల్లోనే తేలిపోతాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం శరీరం నుంచి నమూనాలు తీసుకోవడానికి ఉన్న గడువు 96 గంటలు. ఆ గడువులో సగం మన దగ్గర "ఇది మా లిమిట్స్‌లోది కాదమ్మా" అన్న మాటకే ఖర్చయిపోతుంది. అప్పుడు పక్కన నిలబడి, గొంతు పెంచకుండా, "నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయొచ్చు సార్, ఇప్పుడు చట్టంలోనే ఉంది" అనగలిగిన మనిషి ఉంటే కథ వేరు. పోలీసుల కాగితం లేనిదే చూడనన్న డ్యూటీ డాక్టరుకు, పిల్లల కేసుల్లో ముందు వైద్యం చేయాల్సిందేనని, ఏ ఉత్తర్వూ అడగకూడదని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) నిబంధన చూపించగలిగితే వేరు. ఏడుస్తున్న తల్లికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్‌లో యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన సంగతి మరిచిపోలేదు కదా. కేసు నమోదులో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. తొమ్మిది రోజులకు నిందితుల ఎన్‌కౌంటర్ జరిగితే చటాన్‌పల్లిలో పోలీసుల మీద పూలు చల్లాం. ఆ డిసెంబర్‌లోనే ఆంధ్రప్రదేశ్ 21 రోజుల్లో తీర్పంటూ దిశ బిల్లు పాస్ చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. పూలకూ బిల్లులకూ మనకు ఓపిక ఉంది. స్టేషన్ గుమ్మంలో ఆ కుటుంబం పక్కన ఒక మనిషి ఉండుంటే అన్న ఆలోచనే మనకు రాలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. ఆ రోజుల్లో నేను రాసినదంతా శిక్షల గురించే.

సుప్రీంకోర్టుకు మాత్రం ఆ ఆలోచన వచ్చింది. 2023 ఆగస్టులో, బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో, పోక్సో బాధిత పిల్లలకు సపోర్ట్ పర్సన్‌ను ఇవ్వడం ఇష్టాన్ని బట్టి చేసే పని కాదు, తప్పనిసరి అని చెప్పింది. విచారణ ముగిసేదాకా ఆ మనిషి తోడుండాలి, నెలనెలా బాలల సంక్షేమ కమిటీకి నివేదిక ఇవ్వాలి. చట్టం ప్రకారం ఏడాదిలో ముగియాల్సిన విచారణలు ఏళ్ల తరబడి సాగుతున్న చోట, వాయిదా వాయిదాకూ బస్సెక్కి వచ్చి, కోర్టు వరండాలో ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి కూర్చోవడం చిన్న పనా? నిందితుడి తరఫు పెద్దమనుషులు రాజీకి వచ్చేదీ ఆ వరండాలోకే. సాక్షులు ఎదురు తిరగడం అక్కడే మొదలవుతుంది.

బయటి మనిషి పక్కన చేరితే పిల్లకు మాటలు నూరిపోస్తారని డిఫెన్స్ లాయర్లు అంటారు. అది తీసిపారేయాల్సిన భయమేమీ కాదు. అయితే సపోర్ట్ పర్సన్ సాక్ష్యం చెప్పించే మనిషి కాదు. గోప్యత పాటించాలి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో పిల్లకు, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, అదీ పని. నూరిపోస్తారన్న భయం తీరాలంటే శిక్షణ ఇచ్చి, బాధ్యత రాసి, జవాబు అడగాలి. అసలు మనిషే వద్దనడం పరిష్కారం కాదు.

శిక్షణ పొందిన మనిషి నిలబడాలంటే జీతం కావాలి. 2020 పోక్సో నిబంధనలే సపోర్ట్ పర్సన్ పారితోషికాన్ని నైపుణ్యం ఉన్న కార్మికుల కనీస వేతనంతో ముడిపెట్టాయి. చేతికి వచ్చేది ఎంత, ఎప్పుడు అన్నది అడిగి చూడండి. సఖి కేంద్రాల్లో ఉద్యోగాలు కాంట్రాక్టువి. నా స్నేహితురాలికి అర్ధరాత్రి ఆటో ఛార్జీ ఇప్పించే పద్దు లేదు. వారంలో మూడు రాత్రులు అలాంటివి విని ఇంటికొచ్చి నిద్రపోలేక కూర్చుంటే, ఆమెతో మాట్లాడే కౌన్సెలర్ కూడా లేరు.

ఇది ఒక్క సఖితో పోయేది కాదు. ఈ దేశంలో ఆడవాళ్లు చేసే పనికి ప్రభుత్వం పెట్టిన ముద్దుపేరు సేవ. ఆశా కార్యకర్తకు పారితోషికం, అంగన్‌వాడీ టీచరుకు గౌరవ వేతనం. జీతం అన్న మాట మాత్రం నోట రాదు. 2022లో గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెబితే గానీ అంగన్‌వాడీలది ఉద్యోగమని ఒప్పుకోలేదు. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే వాళ్ల మీద అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. అత్యవసర సేవ అట! అత్యవసరమైతే జీతం కూడా అత్యవసరమే కావాలి కదా. ఆపద వేళ అత్యవసరం, జీతం వేళ స్వచ్ఛందం అనే ఈ లెక్క కిందే అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తే కేస్ వర్కరూ నలుగుతోంది.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాల్సినవి పెద్దవేం కావు. ప్రతి సఖి కేంద్రానికీ డ్రైవరుతో సహా రాత్రి వాహనం. కేస్ వర్కర్లకు, సపోర్ట్ పర్సన్లకు నెల మొదట్లోనే పడే జీతం, రాత్రి పనికి మరుసటి రోజు సెలవు. ప్రతి ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో ఒక బీరువా, దాన్నిండా అన్ని సైజుల కొత్త బట్టలు.