పారాణి ఆరిపోయేదాకా

గురువారం మా అక్క కూతురిని పెళ్లికూతురిని చేశారు. ఇవాళ శనివారం. నా జేబురుమాలుకు నెయ్యి వాసన ఇంకా వదల్లేదు.

నా దగ్గర ఒక పాత స్వీడన్ ఫిల్ము కెమెరా ఉంది, హాసెల్‌బ్లాడ్ 500సి/ఎం. దానికి 80 మిల్లీమీటర్ల లెన్సు. ఈ రెండూ కొని ఊరుకున్నవాడు సుఖపడతాడు. నేను ఊరుకోలేదు. నా లెన్సు మూతికి బి50 కొలత హుడ్, అంటే పక్క వెలుగు పడకుండా తొడిగే గొడుగు, పట్టాలి. తొందరలో బి60 కొన్నాను, అది తర్వాతి కాలపు లెన్సులకు. ఇప్పుడు ఆ హుడ్‌కు తగిన లెన్సు కోసం వెతుకుతున్నాను. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టుందని మా ఆవిడ అంటుంది. గుర్రమైతే కనీసం ఇంటి బయట కట్టేసుకోవచ్చునట.

ఆ వరసలో వచ్చిందే 21 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ ట్యూబు. బాడీకీ లెన్సుకూ మధ్య దీన్ని పెడితే దగ్గరి వస్తువులు ఫిల్ము మీద పెద్దగా పడతాయి. లోపల గాజు ఉండదు. "ఉత్త గొట్టానికి ఆరున్నర వేలా?" అన్నారు బావగారు. ఉత్త గొట్టం కాదు, దాని గోడ పక్కన సన్నటి ఇరుసు ఉంటుందని చెప్పాను. ఈ కెమెరాలో షట్టరు లెన్సులోనే ఉంటుంది కాబట్టి బాడీ దగ్గర తిప్పిన కీ ఆ ఇరుసు గుండానే లెన్సుకు చేరాలి. అందుకే ముందు ట్యూబును బాడీకి తగిలించి, ఆ తర్వాతే లెన్సును ట్యూబుకు తగిలించాలి. విప్పేటప్పుడు లెన్సు ముందు, ట్యూబు తర్వాత. మూడూ కీ ఇచ్చి ఉండాలి. ఇదంతా నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. గురువారం దాకా రాదు. అమ్మిన పెద్దమనిషి "మా మామగారి సామానండి, నాకేమీ తెలియదు" అని తప్పుకున్నాడు. ధర దగ్గర మాత్రం ఆయనకు అన్నీ తెలుసు. పంపడం చూస్తే, ముందు మూత లేదు, వెనక మూత లేదు, పాత లుంగీ గుడ్డలో చుట్టి ఉంది. ఇరుసు ఏ దిక్కున తిరిగి ఉందో చూసే బుద్ధి ఆయనకు లేదు, నాకూ పుట్టలేదు.

గురువారం ఉదయం ఫ్రిజ్ మీద పెట్టుకుని లెన్సునూ ట్యూబునూ ముందే జత చేసి, ఆ జంటను తీసుకెళ్లి బాడీకి బిగించాను. కాస్త బిగుతుగా అనిపించింది. కొత్తది కదా అనుకున్నాను. ఆ ట్యూబు నాకన్నా నాలుగేళ్లు పెద్దదైనా అయి ఉంటుంది.

పెళ్లికూతురి పాదాలు, వాటి మీద తడి పారాణి, ఫ్రేము నిండా. అదీ నా కల. అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టారు. పారాణి దిద్దారు. అందరినీ ఆగమన్నాను. కెమెరా వెనక ఫిల్ము ఉండే డబ్బా, అదే మ్యాగజైన్, అందులో నుంచి డార్క్ స్లైడ్ లాగాను. ఫిల్ముకు వెలుగు తగలకుండా అడ్డుండే పల్చటి ఉక్కు రేకు అది, కొసన చిన్న పిడి. ఒక చేతిలో కెమెరా, ఒక చేతిలో లైట్ మీటరు. మూడో చెయ్యి లేక రేకును పక్కనున్న పళ్లెం అంచున ఆనించాను. నొక్కాను.

రావలసిన చప్పుడులో సగమే వచ్చింది.

ఈ కెమెరాలో ఫొటో తీయగానే అద్దం పైకి లేచి, మళ్లీ కీ ఇచ్చే పిడి, అదే క్రాంకు, తిప్పేదాకా దిగదు. అంతదాకా పైనుంచి తొంగి చూస్తే కనిపించేది కటిక చీకటి. క్రాంకు తిరగలేదు. మీట కదలలేదు. లెన్సు ఊడి రాలేదు. మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోయాయి. మర్యాదస్తుడైతే అక్కడే తలెత్తి "చెడిపోయింది, కానివ్వండి" అనేవాడు. నేను తలెత్తలేదు. నడుం దగ్గర కెమెరా, అందులోకి వంచిన నా తల, లోపల అమావాస్య. ఆ చీకట్లోకి చూస్తూ "కొంచెం ఎడమకి... పాదం అలాగే ఉంచమ్మా" అన్నాను. అమ్మాయి పాపం ఎడమకి జరిగింది. ముత్తైదువులు అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. వీడియో తీసే కుర్రవాడు నా వీపు తన ఫ్రేములో పడుతోందని రెండుసార్లు దగ్గాడు. వాళ్ల కెమెరాలు ఎందుకు బిగుసుకుపోవో నాకు ఈ జన్మలో అర్థం కాదు. "వెలుతురు తగ్గింది, ఆగుదాం" అని కూడా అన్నాను. మిట్టమధ్యాహ్నం పదకొండున్నర. ఎంతసేపు అలా వంగి ఉన్నానో లెక్క లేదు కానీ, అమ్మాయి మెల్లగా "మామయ్యా, ఆరిపోయింది" అంది. పారాణి.

తలెత్తక తప్పలేదు. దీనికి విరుగుడు ఒకటుంది. వెనక మ్యాగజైన్ తీసేసి, లోపలి రెండు రేకు తలుపుల మధ్యగా పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి, ఆ ఇరుసును టిక్కుమనేదాకా కుడివైపు తిప్పాలి. అయితే డార్క్ స్లైడ్ పెట్టందే మ్యాగజైన్ ఊడదు. ఫిల్ము పాడు కాకుండా స్వీడన్ ఇంజనీర్లు పెట్టిన కట్టుదిట్టం అది. పళ్లెం అంచున రేకు లేదు. పళ్లెమే లేదు.

వంటింట్లో మా పెద్దత్తయ్య ఆ రేకుతో కొబ్బరి లౌజు కోస్తోంది. గీసి గీసినట్టు, అంగుళానికి అంగుళం, అంచు చెదరకుండా. అప్పటికే సగం పళ్లెం అయింది. "ఎవరు తెచ్చారో గానీ అబ్బాయ్, ఇంత పదునైన అట్లకాడ నేను చూడలేదు" అంది. అది కెమెరాదని, ఇలాంటి కెమెరాలే చంద్రుడి మీదికి వెళ్లాయని చెప్పాను. 1969లో వెళ్లినవాళ్లు ఫిల్ము మ్యాగజైన్లు వెనక్కి తెచ్చుకుని కెమెరాలను అక్కడే వదిలేసి వచ్చారని కూడా, అలవాటు కొద్దీ, చెప్పాను.

"ఊరికే వదిలేసి రారుగా మరి" అంది పెద్దత్తయ్య, మరో ముక్క కోస్తూ.

జేబురుమాలుతో తుడిచాను. నెయ్యి తుడిస్తే పోయేది కాదు, పరుచుకునేది. ఆ రేకు మ్యాగజైన్‌లోకి ఇంత సాఫీగా ఏనాడూ దూరలేదు. వెలుగు చొరకుండా లోపల ఉండే మెత్తటి పట్టీ ఎంత నెయ్యి పీల్చిందో తలచుకోను. షామియానా వాళ్ల దగ్గర స్క్రూడ్రైవర్ దొరికింది. టిక్కుమంది. నేను విజయగర్వంతో హాల్లోకి వచ్చేసరికి పీట ఎత్తేశారు, అమ్మాయి కాళ్లు కడుక్కుని రెండో పంక్తిలో భోంచేస్తోంది.

ఇందాక పెద్దత్తయ్య ఫోను చేసింది. ఫిల్ము సంగతి అడుగుతుందనుకున్నాను. "ఆ రేకులు విడిగా అమ్ముతారా నాయనా? వ్రతానికి మైసూరు పాకు చేయిస్తున్నాం, ఒక రెండు తెచ్చిపెట్టు" అంది.