మా కాలువ నీళ్ళలో ఏముందో మాకు చెప్పండి

వాట్సాప్‌లో మళ్ళీ అదే మెసేజ్ తిరుగుతోంది. బ్రాయిలర్ కోడి తింటే ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతున్నారట, రొమ్ము క్యాన్సర్ వస్తోందట, అందుకని ఇంట్లో ఆడపిల్లలకు కోడి మానిపించాలట. మగపిల్లలు తినొచ్చట. మా బంధువుల గ్రూపులో దాన్ని పంపింది మగవాళ్ళు. కింద దండాలు పెట్టింది ఆడవాళ్ళు. చూసి ఊరుకోలేక ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ భయం వట్టిది అని నేను అనను. 2022 లెక్కల్లో మన దేశంలో ఒక్క ఏడాదిలోనే 1 లక్షా 90 వేల మందికి పైగా ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 98 వేల మంది దాకా చనిపోయారు. ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లన్నిట్లో ఇదే ముందుంది. మా కోనసీమలో ఏ వీధిలో అడిగినా ఎవరో ఒకరి పేరు చెబుతారు. 2025 మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసుల సంగతి అసెంబ్లీ దాకా వెళ్ళింది, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళు బస్సులో కలిసినా, రేవులో కలిసినా ఇదే మాట. నీళ్ళలోనే ఏదో ఉంది అని. చదువుకున్నవాళ్ళు కొందరు దాన్ని తీసిపారేశారు. నాకైతే అది అడగాల్సిన ప్రశ్నే అనిపించింది. దాన్ని అడగనివ్వకుండా కోడి మీదకీ, చేప మీదకీ, చివరికి ఆడదాని తిండి మీదకీ, బట్టల మీదకీ తిప్పేస్తున్నారే, నా కోపం దాని మీద.

కోడి సంగతి ముందే తేల్చేస్తాను. బ్రాయిలర్ నలభై రోజుల్లో అంత బరువు పెరిగేది మంచి జాతుల్ని ఏరి ఏరి పెంచడం వల్ల, దాణా వల్ల. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని హార్మోన్ సూది వేస్తూ కూర్చుంటే ఆ రైతుకు మిగిలేదేముంది? కోళ్ళకు అవసరం లేకపోయినా యాంటీబయాటిక్‌లు పెట్టడం గురించి అడగండి, అది అసలు సమస్య. గేదె చేపడానికి వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఆ మూగజీవానికి హింస, చట్టప్రకారం నేరం. కానీ అది ప్రొటీన్ జాతి హార్మోన్, పాలలో కాస్త వచ్చినా మన కడుపులో అరిగిపోతుంది. చేపలకు హార్మోన్ ఇస్తారన్నది కొంత నిజం. హేచరీలో తల్లి చేప గుడ్లు పెట్టడానికి ఇస్తారు. మనం బజార్లో కొనే శీలావతి, బొచ్చె ఆ తల్లి చేపలు కావు, వాటి పిల్లలు చెరువులో పెరిగి వచ్చినవి. నల్ల బ్రా, తీగ ఉన్న బ్రా వల్ల క్యాన్సర్ అనే కబుర్లకు అసలు ఆధారమే లేదు.

మరి హార్మోన్ల భయంలో నిజం ఎక్కడుంది? ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మన ఒంట్లో తయారయ్యేదే. ఒంట్లో అది ఎన్నేళ్ళు, ఎంత మోతాదులో పనిచేసింది అన్నదాన్ని బట్టి రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరగడం, తగ్గడం ఉంటుందని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. చిన్న వయసులోనే పెద్దమనిషి కావడం, ముట్లు ఆలస్యంగా ఆగడం, తొలి కాన్పు ఆలస్యం కావడం, ముట్లాగాక ఒళ్ళు రావడం అన్నీ ఇందులోకే వస్తాయి. ముట్లాగినవాళ్ళకు ఇచ్చే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ మాత్రల వల్ల ఈ ముప్పు పెరుగుతోందని 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష తేల్చింది.

ఇక బయటి రసాయనాలు. వాటిలో కొన్ని ఈస్ట్రోజన్ పట్టే తాళంలో దొంగ తాళంచెవిలా పడతాయి. బోస్టన్‌లోని టఫ్ట్స్ యూనివర్సిటీలో 1980ల చివర ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రొమ్ము క్యాన్సర్ కణాలు పెంచుతుంటే, ఈస్ట్రోజన్ వెయ్యని గొట్టాల్లో కూడా కణాలు విపరీతంగా పెరిగిపోయాయి. ఎందుకా అని వెతగ్గా వెతగ్గా, ప్లాస్టిక్ గొట్టంలోంచే నోనైల్‌ఫినాల్ అనే రసాయనం దిగుతోందని తేలింది. పొంగుతున్న సాంబారును, టీని ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చే మన కర్రీ పాయింట్లు, టీ బడ్లు చూస్తే నాకు ఆ గొట్టాలే గుర్తొస్తాయి. స్టీలు గిన్నె పట్టుకెళ్ళండి, అంతకన్నా దాని గురించి చెప్పడానికి లేదు.

నన్ను నిద్రపోనివ్వనిది డీడీటీ అనే పురుగుమందు కథ. అమెరికాలో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో పెద్దవాళ్ళయ్యాక ఆడవాళ్ళ రక్తం తీసి చూస్తే డీడీటీకీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదని 2002లో చెప్పారు. హమ్మయ్య అనుకున్నారు అందరూ. కానీ కాలిఫోర్నియాలో 1960ల నాటి బాలింతల రక్తం దాచి ఉంచారు. బార్బరా కోన్ బృందం దాన్ని పరీక్షించి 2007లో చెప్పిందేమిటంటే, 14 ఏళ్ళు నిండకముందే డీడీటీ తగిలి, రక్తంలో అది ఎక్కువగా ఉన్న ఆడవాళ్ళకు ముప్పు 5 రెట్లు ఉంది అని. అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఎక్కువగా తగిలిన కూతుళ్ళకు దాదాపు 4 రెట్లు ఉందని అదే బృందం 2015లో చెప్పింది. అంటే ఎంత తగిలింది అన్నది ఒక్కటే లెక్క కాదు, ఏ వయసులో తగిలింది అన్నది అసలు లెక్క. రొమ్ము ఏర్పడుతున్న వయసులో తగిలింది నలభై ఏళ్ళ తర్వాత బయటపడుతుంది.

ఇప్పుడు మన డెల్టాకి రండి. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ ఆపింది 1989లో. బీహెచ్‌సీ పొడి, మన పెద్దవాళ్ళు గమాక్సిన్ అనేది, 1997లో ఆగింది. ఈస్ట్రోజన్‌లా పనిచేసే గుణం ఉన్న ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది. ఇవాళ యాభై, అరవై ఏళ్ళున్న మా అమ్మ ఈడువాళ్ళు పది, పన్నెండేళ్ళ పిల్లలుగా ఉన్నది సరిగ్గా ఆ మందుల కాలంలో. దాళ్వా చేలో మందు కొట్టి ఇంటికొచ్చిన నాన్న చొక్కా రేవులో ఎవరు ఉతికారు? మందు వాసన పోవడానికి ఆ చొక్కాని విడిగా నానబెట్టి, బండ మీద రెండు చేతులతో పులిమి, మోచేతుల దాకా ఆ నీళ్ళు కారుతుంటే ఉతికింది ఇంట్లో ఆడపిల్ల. మందు కొట్టిన మర్నాడు కలుపులోకి దిగింది ఆడకూలీలు, వాళ్ళ వెంట వచ్చిన పిల్లలు. స్ప్రేయర్ డబ్బా కడిగింది పంట బోదెలో. ఆ బోదె నీళ్ళు పోయేది ఊరి పక్క నుంచే. కాలిఫోర్నియాలో రక్తం దాచారు కాబట్టి లెక్క తేలింది. మన బాలింతల రక్తం ఎవరు దాచారు? ఆ పిల్లలకే ఇప్పుడు గడ్డలొస్తుంటే, నువ్వేం తిన్నావు అని అడుగుతున్నాం.

మా మేనత్తకు జరిగింది చెబుతాను. స్నానం చేస్తుంటే చంక వైపు గడ్డ చేతికి తగిలింది. సార్వా ఊడ్పుల రోజులు. కోతలయ్యే దాకా ఎవరికీ చెప్పలేదు. తర్వాత నేను ఏడుస్తూ అడిగితే, "నొప్పుంటే చెప్పేదాన్నే కదే. నొప్పి లేనిదానికి ఏం చూపిస్తాం, అదీ అక్కడ?" అంది. సూది పరీక్ష, ముక్క పరీక్ష అయ్యి చేతికి రిపోర్టు వచ్చేసరికి చంకలోకి పాకేసింది. ఆపరేషన్ అయ్యింది, కీమో అయ్యింది, జుట్టు మళ్ళీ వచ్చింది, దేవుడి దయవల్ల తిరుగుతోంది. నేను మర్చిపోలేనిది చూడ్డానికి వచ్చిన చుట్టాలు అడిగిన ప్రశ్నలు. పిల్లలకు పాలు సరిగ్గా ఇవ్వలేదా? మాత్రలేమన్నా వాడావా? ఆవిడ ముగ్గురు పిల్లలకూ రెండేళ్ళు దాటేదాకా పాలిచ్చింది. ఆ మంచం మీద పడుకుని ఆ లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది.

పాలు పట్టడం మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. తల్లిపాలలో పురుగుమందు అవశేషాలు అని వార్త చూసి పాలు మాన్పించాలా అని బాలింతలు అడుగుతున్నారు. వద్దమ్మా. బిడ్డకు అంతకన్నా మంచిది లేదు. పైగా పాలిచ్చిన ప్రతి ఏడాదికీ తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు నూటికి 4 వంతుల చొప్పున తగ్గుతుందని 2002లోనే 30 దేశాల లెక్కలు కలిపి చూసి చెప్పారు.

ఇప్పుడు నీళ్ళు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన బతుకంతా కాలువే. చేనుకీ అదే, గొడ్డుకీ అదే, మంచినీళ్ళ చెరువుకీ అదే. దారిలో పట్టణాల మురుగు దాంట్లోనే కలుస్తోంది, రొయ్యల చెరువుల నీళ్ళు, చేపల చెరువుల నీళ్ళు దాంట్లోకీ డ్రెయిన్లలోకీ వదులుతున్నారు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు అడుగు నీళ్ళు ఏ రంగులో ఉంటాయో చివరి ఊళ్ళవాళ్ళను అడగండి. అదే నీటితో చెరువు నింపుకుని ఎండాకాలమంతా తాగుతారు. మురుగులో మనుషులందరి ఒంట్లోంచీ, గేదెల ఒంట్లోంచీ పోయే ఈస్ట్రోజన్ ఉంటుంది. దీన్ని కూడా గర్భం రాకుండా మాత్ర వేసుకునే ఆడవాళ్ళ మీదకు తోసే పెద్దమనుషులున్నారు. మాత్రల్లోంచి వచ్చేదీ అందులో ఉంది, కానీ మురుగు శుద్ధి చెయ్యకుండా కాలువలోకి వదిలింది మాత్ర వేసుకున్న అమ్మాయి కాదు.

ఎంత ఉంటే ప్రమాదం? కెనడాలో ఒక చిన్న సరస్సులో 2001 నుంచి మూడేళ్ళు మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్‌ను కావాలనే కలిపి చూశారు. లీటరుకు 5, 6 నానోగ్రాములు, అంటే గ్రాములో వంద కోట్లవ వంతుల్లో ఐదారు. మగ చేపల్లో గుడ్డు సొన తాలూకు ప్రొటీన్ తయారైంది, ఒక చిన్న చేప జాతి ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చేపకు జరిగిందే మనిషికి జరుగుతుందని నేను చెప్పను. ఆ నీళ్ళలో ఇరవై నాలుగు గంటలూ ఉండేది చేప. కానీ ఇంత తక్కువ మోతాదు కూడా ఒక ప్రాణిని మార్చేయగలిగినప్పుడు, కనీసం కొలవాలి కదా? యూరప్‌లో 2022లో తాగునీటిలో నిఘా పెట్టాల్సిన జాబితాలో ఈస్ట్రోజన్‌లో ఒక రకమైన ఎస్ట్రడయోల్‌నీ నోనైల్‌ఫినాల్‌నీ చేర్చారు. మన తాగునీటి ప్రమాణం, 10500 నంబరుది, 2012 నాటిది. అందులో డీడీటీకి, ఎండోసల్ఫాన్‌కి, మోనోక్రోటోఫాస్‌కి హద్దులు రాసి ఉన్నాయి. ఈస్ట్రోజన్ ఊసే లేదు. రాసి ఉన్న పురుగుమందుల పరీక్షైనా మన ఊరి చెరువుకి చేశారా? క్లోరిన్ ఉందా, ఉప్పదనం ఎంత, అక్కడితో సరి. ప్లాంటు నీళ్ళ టిన్ను కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కుంటున్నారు. కొనలేనివాళ్ళు కుళాయి తిప్పుకుంటున్నారు.

నీళ్ళ లెక్క తేలేదాకా ఆడవాళ్ళం చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఒక పరీక్ష చేశారు. యంత్రాలు లేవు. శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. గడ్డలు ముందు దశలోనే దొరికాయి. 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు నూటికి 30 తగ్గాయి. అంటే మన ఏఎన్ఎం అమ్మాయి చెయ్యగల పని. 30 దాటిన ఆడవాళ్ళకు చెయ్యాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. కానీ మా దగ్గర క్యాంపు ఎలా జరిగిందో నేను చూశాను. స్కూలు వరండాలో ఒక టేబులు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన మగవాళ్ళు అదే లైన్లో. తెర లేదు, గది లేదు. "రొమ్ములో గడ్డలేమన్నా ఉన్నాయా అమ్మా?" అని అందరి ముందూ అడిగారు. మా పిన్ని "లేవండి" అని తలొంచుకుని వచ్చేసింది. రిజిస్టర్లో పరీక్ష అయినట్టు టిక్కు పడింది.

గడ్డల్లో చాలామటుకు క్యాన్సర్ కావు. నెలసరి ముందు వచ్చే సలుపు, పడుచుపిల్లలకు వచ్చే కదిలే గడ్డ మామూలే. అయినా చూపించుకుని తెలుసుకోవాలి. నొప్పి లేని గడ్డ, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చర్మం సొట్ట పడటం కనబడితే మాత్రం ఊడ్పులూ కోతలూ చూడకండి. పాలిచ్చే పిల్లకు గడ్డ వస్తే పాలగడ్డేలే అని వారాల తరబడి కాపడం పెట్టకండి. భర్తలూ, కొడుకులూ, మీరు ఆటో మాట్లాడి తీసుకెళ్ళండి, ఆవిడ అడిగేదాకా ఆగకండి. మందు కొట్టిన చొక్కా ఇక మీరే ఉతుక్కోండి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, రేవులో కాకుండా.

పంచాయతీకీ, నీటి శాఖకీ నేను అడిగేవి పెద్దవేం కావు. మంచినీళ్ళ చెరువు నీళ్ళు ఏడాదికి కనీసం మూడుసార్లు పరీక్ష చేయించండి. జూన్‌లో కాలువలు వదిలిన మొదటి నీళ్ళప్పుడు, దాళ్వాకు మందులు కొట్టే రోజుల్లో, కాలువలు కట్టేసే ముందు. ప్రమాణంలో రాసి ఉన్న పురుగుమందులన్నిటికీ చేయించండి, ఈస్ట్రోజన్‌కీ నోనైల్‌ఫినాల్‌కీ పెద్ద ల్యాబుకు పంపించండి. వచ్చిన ఫలితం పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయండి. క్యాంపు పెడితే తలుపున్న గది ఇవ్వండి. చెయ్యలేకపోతే చెయ్యలేదని కాయితం మీద రాసివ్వండి. సమాచార హక్కు కింద అర్జీ రాసి పెట్టాను, వచ్చే గ్రామసభలో చదువుతాను. మీ ఊరి చెరువు పేరు కూడా అందులో చేర్చమంటే కామెంట్లో ఊరు, మండలం రాయండి.